పండగ నాటి పల్లె, ఆపద నాటి పట్నం

2020 మార్చి ఆఖరి వారం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇరవై నాలుగో తేదీ రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లవారేసరికి హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ వైపు హాస్టళ్ళ వాళ్ళు చాలాచోట్ల పిల్లల్ని ఖాళీ చెయ్యమన్నారు. ఆ పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు వరసలు కట్టి, అనుమతి కాగితాలు చేతబట్టుకుని, బైకుల మీదా కార్లలోనూ ఆంధ్ర వైపు బయల్దేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వాళ్ళని ఆపేశారు. ఆ రాత్రి ఆ రోడ్డు మీద నిలబడ్డ వందలమందిలో మా చెల్లెలి కొడుకు ఒకడు.

మర్నాడు ఎలాగో వాడు ఊరు చేరాడు. మాది దివిసీమలో ఒక పల్లె. ఊరి మొగలోనే రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. ఆ రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్ళు అలాగే కంపలు వేసుకున్నాయి. ఆ కంప అవతల కర్ర పట్టుకుని నిలబడ్డవాడు వీడికి బాబాయి వరస. చిన్నప్పుడు వీణ్ణి భుజం మీద ఎక్కించుకుని తిరునాళ్ళకి తీసికెళ్ళినవాడే. "ఒరే అబ్బాయ్, నువ్వు మనోడివే గానీ పట్నం నించి వచ్చావు గదరా" అన్నాడట. వాడు పద్నాలుగు రోజులు పొలంలో పాకలో ఉన్నాడు. మా చెల్లెలు పొద్దునా సాయంత్రం అన్నం క్యారియరు తెచ్చి గట్టు మీద పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి జరిగి నిలబడేది. వాడు తినేదాకా చూసి, ఖాళీ క్యారియరు కోసం మళ్ళీ మరుసటి పూట వచ్చేది.

జబ్బుకి భయపడ్డవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ వాడికి జబ్బుందో లేదో అక్కడ ఎవరికీ తెలియదు. ఎక్కణ్ణించి వచ్చాడో తెలుసు, అంతే. ఇటు హైదరాబాదులో నాలుగేళ్ళు వాడి దగ్గర నెలనెలా అద్దె తీసుకున్నవాళ్ళకీ వాడి ఆరోగ్యం సంగతి తెలియదు. "మీ ఊరు పొండి" అన్నారు. నగరం దృష్టిలో వాడు ఊరివాడు, ఊరి దృష్టిలో పట్నపోడు. ఈ రెండు మాటలూ కరోనా రోజుల్లో పుట్టినవి కావు. ఎప్పట్నించో మన నోళ్ళలో నానుతున్నవే. ఆ వారం అవి కంపలై రోడ్డు మీదికి వచ్చాయి.

మన భాషలోనే చూడండి. నగరంలో ఉండేవాడు నాగరికుడు. ఆ మాటకి మర్యాద తెలిసినవాడు, సంస్కారం ఉన్నవాడు అని అర్థం స్థిరపడిపోయింది. గ్రామానికి చెందినది గ్రామ్యం. దానికి మోటు, అసభ్యం అని అర్థం వచ్చింది. పుట్టిన చోటుని బట్టే ఒకడికి సంస్కారం, ఇంకొకడికి మోటుతనం నిఘంటువు పంచేసింది. ఆ పైన పల్లెటూరి బైతు, పల్లెటూరి మొద్దు లాంటివి మనం చేర్చుకున్నాం. పల్లె కూడా ఊరుకోలేదు. పట్నం సోకు, పట్నం పోకడ, బస్తీ టక్కరి అని తన నిఘంటువు తాను రాసుకుంది. తెలంగాణలో పట్నం అంటే హైదరాబాదు. నెల్లూరు, చిత్తూరు వైపు పాతవాళ్ళకి చెన్నపట్నం. ఏ పట్నమైనా తిట్టు ఒకటే.

గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగుని బడుల్లోకి, పుస్తకాల్లోకి తేవాలని వాదించినప్పుడు, గ్రాంథికవాదులు ఆయన మీద విసిరిన పెద్ద రాయి ఈ గ్రామ్యమన్న మాటే. ఆయన 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టి మరీ పోరాడారు. ఆయన గెలిచారు కాబట్టే ఇవాళ నేను మీతో ఇలా మాట్లాడగలుగుతున్నాను. అయితే గెలిచి నిలబడింది చదువుకున్నవాళ్ళ వాడుక భాష. పొలంలో మాట్లాడే మాట ఇంకా గుమ్మం బయటే ఉంది. నేను ఇంటర్ చదవడానికి మా పల్లె నుంచి విజయవాడ వచ్చినప్పుడు మొదటి వారంలో క్లాసులో లేచి "వత్తన్నానండి" అన్నాను. బెంచీలన్నీ నవ్వాయి. తర్వాత రెండేళ్ళూ ఆ క్లాసులో నేను ఒక్క ప్రశ్న అడగలేదు. తెలియక కాదు, అడిగితే యాస బయటపడుతుందని. ఇవాళ్టికీ సినిమాలో నవ్వించాలంటే శ్రీకాకుళం యాసో, సీమ యాసో పెడతారు. ఆ యాసలో మాట్లాడే పిల్ల హాలులో కూర్చుని ఆ నవ్వు వింటుందన్న ధ్యాస చాలామందికి ఉండదు.

ఈ చులకన ఎక్కణ్ణించి వస్తుందని నేను చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. నాకు తోచింది ఒకటే. పల్లెవాళ్ళు పట్నానికి వచ్చేది కష్టం వచ్చిన రోజున. ఆసుపత్రికి వస్తారు, కోర్టు వాయిదాకి వస్తారు, కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వడానికి వస్తారు, పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టడానికి అప్పు తెచ్చిన డబ్బు రొండిన దోపుకుని వస్తారు. పట్నంవాళ్ళు పల్లెకి వెళ్ళేది పండగ రోజున. పల్లెవాళ్ళు చూసేది పట్నం కసురుకునే ముఖం, పట్నంవాళ్ళు చూసేది పల్లె ముస్తాబైన ముఖం. ఎవరు చూసిన ముఖాన్ని వాళ్ళు అసలు ముఖం అనుకుంటారు.

మా నాన్న సంగతి చెబుతాను. ఆయన ఐదో తరగతి దాకా చదివారు. మా చేను కాలవ చివర, శివారు భూమి. లాకులు ఎత్తారన్న కబురు తెలిస్తే చాలు, నీరు మా బోదెకి ఎక్కడానికి ఎన్ని గంటలు పడుతుందో, మధ్యలో ఎవరి చేలు తడవాలో, ఆ రాత్రి ఎవరు కాపలా పడుకోవాలో నోటితో లెక్క కట్టి చెప్పేవారు. ఆ లెక్క తప్పడం నేను చూడలేదు. పదిహేనేళ్ళ కిందట గుండె జబ్బుతో ఆయన్ని విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొచ్చాం. నేను మందుల కోసం వెళ్ళాను. ఆయన్ని కౌంటరు దగ్గర కాగితం ఇచ్చి నిలబడమన్నారు. పైన బోర్డులన్నీ ఇంగ్లీషు. ఆయన ఒక వరసలో అరగంట నిలబడ్డారు. తీరా ముందుకి వెళ్ళేసరికి అది వేరే వరస. లోపల కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా, "చదువుకోరు, అడగరు, వచ్చి నిలబడతారు" అంది. నేను వచ్చేసరికి ఆయన కండువా చేతిలో మడతపెట్టి పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఆ కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకోవడం నేను అంతకుముందు చూసింది గుళ్ళోనే.

ఆసుపత్రిలో ఉన్న పంతొమ్మిది రోజులూ ఆయనకి అన్నం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్పాలి. నా భార్య అప్పుడే ఆపరేషను అయి మంచం మీద ఉంది. మా అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉండే ఒకావిడ, అప్పటిదాకా లిఫ్టులో కనిపిస్తే నవ్వుకోవడమే తప్ప మాకు పేరు కూడా తెలియనావిడ, ఉప్పు తగ్గించి వండి రోజూ క్యారియరు పంపారు. రెండుసార్లు తనే తెచ్చి, "బాబాయిగారూ, కారం సరిపోయిందా?" అని అడిగి వెళ్ళారు. నాన్న ఊరెళ్ళాక అరుగు మీద చెప్పింది మాత్రం కౌంటరు సంగతే. "పట్నపోళ్ళకి గుండె ఉండదురా" అన్నారు. ఆవిడ క్యారియరు సంగతి అడిగితే, "ఆ తల్లి వేరు, ఆమె మనలాంటి మనిషి" అన్నారు. నాకు చాలా కాలం ఆ మాట అర్థం కాలేదు. మంచి చేసినవాళ్ళని మనవాళ్ళలో కలుపుకుని, అవమానించినవాళ్ళని మొత్తం పట్నం కింద జమ కట్టడం. ఈ లెక్కలో పట్నం ఎప్పటికీ బాకీయే చూపిస్తుంది.

పట్నంవాళ్ళు వేసే లెక్క కూడా ఇంతే. సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లు మీరు చూసే ఉంటారు. ఆ కార్లలో వెళ్ళిన పిల్లలు ఊళ్ళో ఏం చూస్తారు? భోగిమంట, అరిసెలు, గంగిరెద్దులు, కొత్తబట్టలు. అప్పటికి ధాన్యం ఇంటికి వచ్చి ఉంటుంది. చేలో మినుము పచ్చగా ఉంటుంది. అప్పు ఇచ్చినవాడు కూడా పండగ మూడు రోజులూ గుమ్మం తొక్కడు. నా పిల్లలు పాతికేళ్ళు వచ్చేదాకా చూసిన పల్లె అదే. జూన్ నెలలో వాళ్ళు ఎప్పుడూ రాలేదు. కాలవ అడుగు నెర్రెలిచ్చి ఉన్నప్పుడు, కింద చేలకి నీరు వస్తుందా రాదా అని నారుమడి పక్కన కూర్చున్నప్పుడు, విత్తనాలకీ దమ్ముకీ డబ్బు కోసం సొసైటీ మెట్లు ఎక్కి దిగుతున్నప్పుడు మా అన్నయ్య ముఖం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. అందుకే, "పెదనాన్నకేం, హాయిగా ఊళ్ళో ఉన్నాడు" అని అనగలుగుతారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. చూసింది అంతే.

పల్లె మీద పట్నానికున్న దురభిప్రాయాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది తిట్టు కాదు, మెచ్చుకోలు. "పాపం, పల్లెవాళ్ళు అమాయకులండీ. కల్లాకపటం తెలియదు." ఈ మాట ఎంతో ప్రేమగా అంటారు. అమాయకుడన్నవాడికి ఏమీ తెలియదని కదా అర్థం. ఏమీ తెలియనివాడి అభిప్రాయం ఎవరు అడుగుతారు?

నాగాయలంక దగ్గర మా పెద్దమ్మ మనవడు రొయ్యల చెరువులు చేస్తాడు. 2009లో మన దేశంలోకి అనుమతించిన వనామి రొయ్య. తెల్లవారుజామున మూడున్నరకి లేచి చెరువు మీదికి వెళతాడు, నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గేది ఆ వేళకే కాబట్టి. చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసి, రొయ్య పేగు రంగు టార్చి వెలుగులో పరీక్షిస్తాడు. పి.హెచ్., ఉప్పు శాతం పుస్తకంలో రాసుకుంటాడు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగి గంటలో పంట తేలిపోతుందని జనరేటరు పక్కనే మంచం. అమెరికాలో సుంకం మారితే ఆ సాయంత్రానికి నాగాయలంకలో కౌంటు ధర మారుతుంది, అది వాడికి ముందే తెలుస్తుంది. వాడు పెళ్ళిచూపులకని హైదరాబాదు వెళితే, అమ్మాయి మేనమామ, "ఊళ్ళో ఖాళీగా ఉంటాడా?" అని అడిగాడు.

వరి సంగతి కూడా అంతే. పట్నంలో మనం సన్నబియ్యం అని ఏరి కొనే సాంబమసూరి, బాపట్ల వ్యవసాయ కళాశాలలో పుట్టి 1986లో విడుదలైన బి.పి.టి. 5204. శాస్త్రవేత్తలు దాన్ని తయారుచేశారు, నిజం. అది ఏ నేలలో పడిపోతుంది, ఏ తెగులుకి లొంగుతుంది, ఎన్నో రోజున నారు తీస్తే దుబ్బు చేస్తుంది అన్నది చేలో దిగి తేల్చింది రైతులు. ఒక రకం వంగడం నచ్చకపోతే రెండో ఏడు వెయ్యరు. వాళ్ళని అమాయకులు అంటే నాకు కష్టంగా ఉంటుంది.

పల్లె పవిత్రంగా ఉంటుందన్నది కూడా పండగ రోజు చూసినవాళ్ళ మాటే. నాకు ఎనిమిదో తరగతి నుంచీ స్నేహితుడు ఒకడున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, విజయవాడలోనే ఉంటాడు. ఒకసారి నేను మా ఊరి చెరువు గురించి ఉత్సాహంగా చెబుతుంటే వాడు విన్నంతసేపు విని అన్నాడు. "నీకు ఆ చెరువంటే ఈత గుర్తొస్తుంది. నాకు మా అమ్మ బిందె పట్టుకుని గట్టు కింద నిలబడింది గుర్తొస్తుంది. ఎవరో ఒకరు వచ్చి పైనించి పోస్తే గానీ నీళ్ళు లేవురా మాకు." మేమిద్దరం ఒకే ఊరివాళ్ళం. కానీ నేను ఊళ్ళో పుట్టాను, వాడు వాడలో పుట్టాడు. మనం "ఊరూ వాడా" అని జోడించి అలవాటుగా అనేస్తాం. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో ఆ సాయంత్రం నాకు తెలిసింది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ పల్లెని ఆకాశానికెత్తేవాళ్ళకి జవాబిస్తూ, అది సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని కటువుగానే చెప్పారు. గాంధీజీ స్వయంపోషక గ్రామాల్లో దేశం ఆత్మని చూశారు. ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కడ, ఎలా పుట్టి పెరిగారన్నది పక్కనపెట్టి ఆ మాటల్ని తూచలేం. నా స్నేహితుడికి విజయవాడ చేసిన మేలు నా ఊరు చెయ్యలేదు. హోటల్లో ఎవరూ కులం అడగకుండా టీ ఇచ్చారు. అయితే అద్దె ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఇల్లుగలావిడ నీళ్ళ టైము, కరెంటు మీటరు అన్నీ చెప్పి, చివర్న, "ఇంతకీ మీరేవిట్లండీ?" అని అడిగిందట. పల్లె వదిలేసి వచ్చినా అది మన వెంట వస్తుంది. దానిలో మంచి మాత్రమే మోసుకొచ్చాం అనుకోవడం పొరపాటు.

తప్పు పట్నంలోనూ ఉంది, పల్లెలోనూ ఉందన్న సంగతి గురజాడవారు నూట ముప్ఫై ఏళ్ళ కిందటే చూపించారు. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. విజయనగరం నుంచి గిరీశం అగ్రహారానికి దిగి, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఇంటివాళ్ళ కళ్ళు కప్పుతాడు. పట్నం టక్కరి అంటే ఏమిటో అంతకన్నా బాగా చూపించిన పాత్ర లేదు. కానీ ఆ అగ్రహారంలో ఆడపిల్లని ముసలివాడికి వెలకట్టి అమ్మేవాళ్ళు ఊరివాళ్ళే. ఆయన ఏ ఒక్కరినీ వదిలిపెట్టలేదు. అందుకే ఆ నాటకం ఇప్పటికీ నిలబడి ఉంది.

ఇక పల్లెవాళ్ళు పట్నం గురించి అనే మాటలు. ఫ్యాను కింద కూర్చుని జీతం తీసుకుంటారు. చచ్చినా పక్కింటివాడికి తెలియదు. మంచినీళ్ళు కూడా కొనుక్కుంటారు, మనకి మాత్రం గ్లాసుడు ఇవ్వరు. నేను మా ఊళ్ళో ఈ మాటలు విన్నప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతాను. పట్నపోళ్ళంటే ఎవరు? మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ది పాలకొండ వైపు పల్లె. పక్క సందులో ఇస్త్రీ చేసే ఆయనది ప్రకాశం జిల్లా. హైదరాబాదులో పునాది తవ్వితే పాలమూరు కూలీ లేని చోటు దొరకదు. నాగార్జునసాగర్‌కి రాళ్ళు మోసింది కూడా ఆ పాలమూరు భుజాలే. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వెళ్ళిన కూలీలు ఎందరో ఉన్నారు. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు ఉన్నారు, కాదనను. ఆ ఫ్యాను ఉన్న గదిని కట్టినవాళ్ళూ పట్నంలోనే రేకుల షెడ్లలో ఉన్నారు. ఊరి అరుగు మీద తిట్టినప్పుడు ఆ తిట్టు వాళ్ళకీ తగులుతుంది.

2011 జనాభా లెక్కల్లో దేశంలో పట్టణాల్లో ఉన్నవాళ్ళు నూటికి 31 మంది. ఏది పట్టణం అంటే, మున్సిపాలిటీ లేని చోట లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. ఐదు వేలకి తక్కువ కాకుండా జనం ఉండాలి, చదరపు కిలోమీటరుకి నాలుగు వందలమంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. అంటే పదిమంది సేద్యం మాని ఆటోలు కొనుక్కుంటే ఒక పల్లె పట్టణంగా మారిపోవచ్చు. మనుషులు మాత్రం మారరు. ఇంత పలచని గీత పట్టుకుని మనం రెండు జాతుల్లా మాట్లాడుకుంటున్నాం.

ఇంకో విషయం చెప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు, అయినా చెప్పాలి. పల్లెని చిన్నచూపు చూసేవాళ్ళు ఇప్పుడు పల్లెలోనే ఎక్కువయ్యారు. మా చెల్లెలు వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, వ్యవసాయం చేసే ఇంటికి కోడలుగా వెళ్ళింది. తన కూతురికి సంబంధాలు చూసేటప్పుడు, "అన్నయ్యా, ఎకరాలు లేకపోయినా పర్లేదు, సేద్యం చేసేవాడు మాత్రం వద్దు" అంది. దాన్ని తప్పుపట్టలేను. అది పడ్డ కష్టం అది చెప్పింది. కానీ ముప్ఫై ఐదేళ్ళు దాటినా పెళ్ళి కాని రైతుబిడ్డలు ఇవాళ ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళని కాదన్నది పట్నం అమ్మాయిలే కాదు. పక్క వీధి అమ్మలు కూడా.

ఇలాంటి అనుమానం ఒకటి నా కళ్ళముందే తీరింది. మా ఇంటి దగ్గర రైతుబజారు ఉంది. 1999 జనవరి 26న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలైనప్పుడు, మధ్యలో దళారి లేకుండా పండించినవాళ్ళూ తినేవాళ్ళూ ఎదురెదురుగా నిలబడాలన్నది ఉద్దేశం. నిలబడ్డారు. పోయిన నెల ఒకావిడ బెండకాయలు తీసుకుంటూ ఒక్కొక్క కాయ తోక విరిచి చూసి, విరగనివి పక్కన పడేస్తోంది. అమ్మే ఆమె కాసేపు చూసి, "విరిచినయ్యి ఎవరు తీసుకుంటారమ్మా? ముదురుంటే నేనే తీసేస్తా" అంది. "అడుగున ముదురువి పెట్టి అమ్మడం మీకు అలవాటే గదా" అంది కొనే ఆవిడ. అమ్మే ఆమె ఇంకేమీ మాట్లాడకుండా, బుట్ట మొత్తం గోనె మీద గుమ్మరించి, కాయల్ని చేత్తో పరిచింది. ఒక్క ముదురు కాయ లేదు. కొనే ఆవిడ ముఖం చిన్నబోయింది. కిలో అడిగింది కిలోన్నర తీసుకుంది, విరిచినవి కూడా తీసుకుంది. అమ్మే ఆమె కొసరుగా గుప్పెడు పచ్చిమిరపకాయలు వేసింది. ఇద్దరికీ ఐదు నిమిషాలు పట్టింది. బుట్ట తిరగెయ్యనంత కాలం మాత్రం ఇద్దరి అనుమానాలూ అలాగే ఉండేవి.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో చేసిన ఒక పని కూడా చెబుతాను. 1960ల్లో తంజావూరు ప్రాంతంలో ఏ.డి.టి. 27 అనే కొత్త వరి రకం వచ్చింది. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాల్లో విని రైతులు దాన్ని వేశారు. వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు రేడియో వరి. మన దగ్గర పాడిపంటలు కార్యక్రమం మొదలయ్యే వేళకి మా నాన్న ట్రాన్సిస్టరు తెచ్చి అరుగు మీద పెట్టేవారు. అందులో వ్యవసాయ అధికారి ఒకరు, రైతు ఒకరు మాట్లాడుకునేవాళ్ళు. రైతు ప్రశ్న అడిగితే అధికారి కసురుకోవడం నేను వినలేదు. అధికారి చెప్పిన మందు పనిచెయ్యలేదని రైతు చెబితే ఆయన రాసుకునేవాడు. పట్నం మా నాన్నతో మర్యాదగా మాట్లాడింది ఆ పెట్టెలోనే.

పట్నం మా ఊరికి దిగివచ్చిన రోజూ ఒకటుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా ఊరు కాస్త ఎగువన ఉండి బతికింది. కింద సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. వేలమంది పోయారు. మూడో రోజునో నాలుగో రోజునో లారీల్లో కుర్రాళ్ళు దిగారు. ప్యాంట్లు వేసుకున్న పట్నం కుర్రాళ్ళు. ముక్కులకి గుడ్డలు కట్టుకుని, మోకాళ్ళ లోతు బురదలో దిగి, ఎవరివో తెలియని శవాల్ని ఎత్తి దహనం చేశారు. వాళ్ళ ఊరేదో, పేరేమిటో మేము అడగలేదు. మా నాన్న వాళ్ళకి మజ్జిగ కలిపి ఇచ్చారు. ఆ రోజు మా ఊరి మొగలో ఏ కంపా లేదు.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు మళ్ళీ హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తున్నాడు. కంప అవతల నిలబడ్డ బాబాయికి పోయినేడు మోకాలి ఆపరేషను వీడే దగ్గరుండి చేయించాడు. ఆయన వీడి గదిలో పది రోజులు ఉండి వెళ్ళాడు. ఆ పాత మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

వింటున్న పట్నంవాళ్ళని ఒకటి అడుగుతాను. సంక్రాంతికి ఎలాగూ వెళతారు. ఈ ఏడాది నాట్ల రోజుల్లో కూడా ఒకసారి మీ ఊరికి వెళ్ళండి. మీ పిల్లల్ని తీసికెళ్ళండి. పిండివంటలు ఉండవు, ఇంట్లో ఎవరికీ మీతో కూర్చునే తీరిక ఉండదు, అయినా వెళ్ళండి. ఊళ్ళలో వింటున్న పెద్దల్ని కూడా అడుగుతాను. జబ్బు చేసినప్పుడే కాకుండా, ఒంట్లో బాగున్నప్పుడు ఒకసారి పట్నం రండి. మీ అబ్బాయి ఎన్ని గంటలకి లేస్తాడో, ఏ బస్సు పట్టుకుంటాడో, ఎన్ని గంటలకి ఇల్లు చేరతాడో నాలుగు రోజులు ఉండి చూడండి. కాలవలకి నీళ్ళు వదిలారన్న కబురు తెలియగానే నా పిల్లలిద్దరినీ తీసుకుని నేను మా ఊరు వెళుతున్నాను. అన్నయ్యకి ముందే చెప్పి ఉంచాను.